మా లెక్క మేమే అడుగుతాం

స్త్రీవాదం పని అయిపోయిందంటున్నారు. ఎవరి పని అయిపోయింది? ముస్లిం స్త్రీలుగా అడుగుతున్నాం. మా పని సగంలో కూడా లేదు.

1985లో సుప్రీంకోర్టు షాబానోకు మనోవర్తి ఇమ్మంది. ఎంత? నెలకు 179 రూపాయల 20 పైసలు. నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన ముసలమ్మకు ఆ మాత్రం ఇస్తే దీన్ మునిగిపోతుందని మన పెద్దలు వీధికెక్కారు. 1986లో పార్లమెంటు వాళ్ల మాటే విని చట్టం చేసింది. మా మాట ఎవరూ అడగలేదు. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే సెక్షన్ 125 కింద మనోవర్తి అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది. అది మన తెలంగాణ నుంచి పోయిన కేసే. నెలకు పదివేలు ఇవ్వమన్నందుకు భర్త ఢిల్లీ దాకా పోయాడు. 39 ఏళ్లయినా తగువు అదే!

భాయీ, తలాఖ్ అనేటప్పుడు గుర్తొచ్చే షరియత్ మెహర్ దగ్గర ఎందుకు గుర్తుకు రాదు? ఖురాన్ కూతురికి కొడుకు వాటాలో సగం చెప్పింది. ఆ సగమైనా ఎన్ని ఇళ్లలో ఆడపిల్ల చేతికొచ్చింది? దీన్‌లో లేని కట్నం 'జోడే కీ రఖమ్' పేరుతో మన ఇళ్లలోకి ఎట్లా వచ్చింది? దాని మీద ఏ జులూస్ తీశారు?

ఇక మమ్మల్ని ఉద్ధరిస్తామనే హిందూత్వ వాళ్లు. ఒక్కసారే చెప్పే మూడు తలాఖ్‌లు చెల్లవని 2017లోనే సుప్రీంకోర్టు తేల్చింది. చెల్లని మాటకు 2019లో మూడేళ్ల జైలు చట్టం తెచ్చారు. తలాఖ్ చెప్పకుండానే పెళ్లాన్ని వదిలేసే మగాడు ఏ మతంలో లేడు? వాడికేదీ జైలు? మా మీద అంత ప్రేమున్న వాళ్లే 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న పిల్లల్ని కాలేజీ గేటు బయట నిలబెట్టారు. ఆ ఏడాది ఆగస్టు 15నే గుజరాత్‌లో బిల్కిస్ బానో మీద అత్యాచారం చేసిన 11 మందిని విడిచిపెట్టారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసింది. ఉద్ధరణ అంటే ఇదేనా?

సెక్యులర్ మిత్రులకూ ఒక మాట. మేం ఇంట్లో అన్యాయం గురించి నోరు విప్పితే 'ఇది సమయం కాదు, శత్రువుకు ఆయుధం దొరుకుతుంది' అంటారు. ఆ సమయం ఎప్పుడొస్తుంది? స్త్రీవాద అక్కలారా, మీరు మా బురఖా చూశారు. దాని లోపల నిజామాబాద్‌లో బీడీలు చుట్టే వేళ్లను, లాడ్‌బజార్‌కు లక్క గాజులు చేసే వేళ్లను చూశారా? మా పేదరికం, మా మతం, మా ఆడతనం మూడూ ఒక్క ఒంటి మీదే ఉన్నాయి. వాటిని విడదీసి మాట్లాడే స్త్రీవాదం మాకు చాలదు.

హిజాబ్ వేసుకోవాలో తీసేయాలో మేం తేల్చుకుంటాం. నికానామాలో షరతులు మేం రాయిస్తాం. మెహర్, వాటా, మనోవర్తి, కూలి అన్నీ లెక్కగట్టి అడుగుతాం. ఇంట్లో మగాడినీ అడుగుతాం, బయట ప్రభుత్వాన్నీ అడుగుతాం. ఒకరిని అడిగితే రెండోవాళ్ల పక్షమని ముద్ర వేయకండి. ఇద్దరూ మాకు బాకీ ఉన్నారు.