రంగు డబ్బా తర్వాత కొనండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ, భీమిలి, ఉప్పాడ వైపు జాలరిపేటల్లో ఇళ్ల ముందు ఇసుకలో పాత ఫైబర్ బోట్లు బోర్లా పడి ఉంటాయి. గ్రైండర్ మోత, రెజిన్ ఘాటు. అమెరికాలో పాత బోటు బాగుచేసుకోవడం పెరట్లో తీరిక దొరికినవాళ్ల సరదా. మనవాళ్లకు మళ్లీ వేటకెళ్లాలంటే తప్పని పని.

నా పేచీ ఒక్కటే: ముందు రంగు కొంటారు. ఫైబర్ అంటే గాజు పీచు, దాన్ని పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్. ఆ రెండూ చెదపట్టవు, చివికిపోవు. చివికేది లోపలి చెక్క. ఇంజను బిగించే వెనుక పలకలో చాలా బోట్లకు ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు కన్నాల గుండా నీరు దిగి అది మెత్తబడిపోతున్నా పైపొర నిగనిగలాడుతూనే ఉంటుంది. సంతలో కొబ్బరికాయను తట్టినట్టు చిన్న సుత్తితో బోటంతా తట్టి చూడాలి. శబ్దం మొద్దుబారిందా, అక్కడ కోసి చూడాల్సిందే.

పగులు మీద గాజు పీచు మ్యాట్ ముక్క అతికించి రెజిన్ పూసేస్తే రెండు అలలకు ఊడొస్తుంది. గట్టిపడిన పాత రెజిన్‌లో కొత్తది కలిసిపోదు, గరుకును పట్టుకుని నిలుస్తుందంతే. అందుకే పగులు చుట్టూ మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీయాలి. అర సెంటీమీటరు మందానికి ప్రతివైపూ 6 సెంటీమీటర్లు. అంత అరగదీయడానికి ఎవరికీ మనసొప్పదు, చేతిలోని బోటును తామే పాడుచేస్తున్నట్టుంటుంది మరి!

రెజిన్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్, రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం చాలు. మే ఎండకు కలిపిన రెజిన్ మగ్గులోనే వేడెక్కి గడ్డకట్టేస్తుంది కనుక కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. త్వరగా గట్టిపడాలని వేసే కోబాల్ట్, హార్డ్‌నర్ నేరుగా కలిస్తే మాత్రం మంటలు లేవొచ్చు, పేలొచ్చు. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి. ఈ ముక్క రెజిన్ అమ్మే ప్రతి కొట్టు గోడమీదా తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇక ధూళి. ముఖానికి తువ్వాలు చుట్టుకుని గ్రైండర్ పడతారు, పక్కనే పిల్లలు ఆడుతుంటారు. సన్నటి గాజు పొడిని తువ్వాలు ఆపలేదు. రంగు డబ్బా డబ్బుతో ముందు మంచి మాస్కు కొనండి, పిల్లల్ని గాలివాటుకు దూరంగా పంపండి.

ఎంత బాగుచేసినా ఒకరోజు చాలించాల్సిందే. 2004 సునామీ తర్వాత సాయంగా వచ్చిన బోట్లకు ఇరవయ్యేళ్లు దాటాయి. గట్టిపడిన రెజిన్ కరగదు, తగలబెడితే విషపు పొగ. పాత ఇనుము కొనేవాడూ అలాంటి బోటు వంక చూడడు. హార్బర్లో డీజిల్‌కు, ఐసుకు చోటు చూపించిన ప్రభుత్వం పాత ఫైబర్ బోట్లు అప్పగించడానికీ ఒక చోటు చూపించాలి. లేకపోతే అవి ఒడ్డునే ఇసుకలో పాతుకుపోతాయి.