మన్యమునకు సన్నదులు

పరదేశపు దొరతనము యుద్ధకాలమున స్థానిక నాయకుని ఆదరించినచో, అందు దయకంటె అవసరమే యెక్కువయని యెఱుంగవలెను. ఎఱుగని కొండదారులలో సైన్యము నడువవలెనన్న దారి చూపువాడు కావలెను. కూలీలు కావలెను, ధాన్యము కావలెను, శత్రువు జాడ కావలెను. ఇవి తుపాకికి మాత్రమే లొంగవు. అందుచేత కొండజాతులలో పేరుగల పెద్దనొకని పిలిచి, సన్నదో, భూమియో, బహుమానమో యిచ్చి, అతని మూలమున అతని జాతినంతను వశపఱచుకొనవచ్చునని పాలకులు తలంచుట పరిపాటి. ఈ బేరమున ఎవరికేమి మిగిలినదో గోదావరి, విశాఖపట్టణపు మన్యముల చరిత్ర విశదపఱచుచున్నది. ప్రత్తియు మిరపయు పండించు మన మైదానపు వారికి దీనితో నేమి పనియని కొంద రడుగవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము.

1813లో కంపెనీవారు రంప మన్సబుదారుతో ఒడంబడిక చేసికొనిరి. కొండలలో శాంతి కాపాడవలెననునది షరతు; కప్పము లేకుండ గ్రామముల ననుభవించుట దానికి ప్రతిఫలము. అంతటినుండి మన్సబుదారునకు బలము తన ముఠాదార్లనుండి గాక కంపెనీ కాగితమునుండి రాసాగెను. పై యండ గలవానికి క్రిందివారి మొఱ వినవలసిన పని లేదుగదా! కాలక్రమమున ముఠాదార్లపై వసూళ్లు హెచ్చెను. కల్లుపై చిగురుపన్ను పడెను. దానికి తోడు సర్కారువారి అబ్కారీ గుత్తదారులు దిగిరి. మైదానపు వర్తకులు కొండవారిపై కోర్టు డిక్రీలు పొంది పశువులను జప్తు చేయించిరి. 1879 మార్చిలో రంప భగ్గుమనెను. ఆ పితూరీ నణచుటకు మదరాసు సైన్యముతోపాటు హైదరాబాదు కంటింజెంటును గూడ రప్పింపవలసి వచ్చెను.

అప్పుడు దొరతనమువారు చేసినదేమి? తాము నిలిపిన మన్సబుదారునే తొలగించి, ముఠాదార్లకు నేరుగా సన్నదు లిచ్చిరి. స్వల్పమైన కట్టుబడి చెల్లించుచు, తమ ముఠాలో అలజడి పుట్టకుండ చూడవలెననుట షరతు. మనిషి మాఱెను, బేరము మాఱలేదు. 1813లో మన్సబుదారు మోసిన కాడినే యిపుడు ముఠాదార్లు మెడకెత్తుకొనిరి. పిమ్మట 1882 నాటి అటవీ చట్టము వచ్చెను. పోడు వ్యవసాయముపై ఆంక్షలు పెరిగెను. తమ ప్రజలకు అడవి మూతపడుచుండ, ముఠాదార్ల చేతిలోని సన్నదు దాని నాపజాలకపోయెను.

ఆ గౌరవ మెంత పలుచనిదో గాము గంటము దొర కథ చెప్పును. బట్టిపనుకులకు ఆయన గ్రామమునసబు. రోడ్డు పనులలో కొండవారి కూలి కాజేయుచుండెనని పేరుమోసిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియనుతో వైరము వచ్చినంతనే ఆ యుద్యోగము పోయెను. ఆయనయు, తమ్ముడు మల్లు దొరయు 1922లో అల్లూరి సీతారామరాజు పక్షమున నిలిచిరి. ఆ రాజును సైతము భూమిచే కట్టివేయవచ్చునని పాలకులు తలంపకపోలేదు. పైడిపుట్టలో ఆయనకు నేల చూపి స్థిరపఱుపజూచిరి. ఆగస్టు 22న చింతపల్లి ఠాణాలోని తుపాకులు రాజు చేజిక్కుటతో ఆ యత్నము ఫలము తెలిసెను.

ఇక మన గుంటూరు సంబంధము. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణము సాగినపుడు, పల్నాటిలో పుల్లరిపై ప్రతిఘటన రేగి కన్నెగంటి హనుమంతు నేలకొరిగినపుడు, గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డు. మన గ్రామోద్యోగులు రాజీనామా లిచ్చిరి. వంశపారంపర్యపు హక్కు పోవునని బెదిరింపగా పెక్కురు వానిని మరల తీసికొనిరి. ఆ రూథర్‌ఫర్డునే 1924లో మన్యపు పితూరీ నణచుటకు స్పెషల్ కమిషనరుగా పంపిరి. సమాచార మిచ్చినవారికి బహుమానము, ఆశ్రయ మిచ్చినవారికి దండనము అచ్చటి పద్ధతి. మే 7న రాజు, జూనులో గంటము దొర హతులైరి. మునసబు వతనుతో మైదానమును, ముఠాదారు సన్నదుతో మన్యమును పట్టి యుంచినది ఒకే రాజనీతి. కొండవా డమాయకుడు గనుక మోసపోయెనని మనము నవ్వుటకు అర్హులము కాము.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ బేరమే ఈశాన్యపు సరిహద్దున మఱింత విస్తారముగ సాగెను. 1942 నుండి ఆంగ్లేయులు వి-ఫోర్సు అను దళమున నాగాలు మొదలగు కొండజాతులవారిని వేగునకు నియోగించిరి. జపానీయులు, వారి మిత్రులు మఱియొక వైపునుండి ఆశలు చూపిరి. నాగా నాయకుడు ఫిజో బర్మాలో వారి పక్షము చేరెను. బర్మాలోని కారెన్లు పెక్కురు ఆంగ్లేయులకై ప్రాణము లొడ్డిరి. 1948లో ఆంగ్లేయులు వెడలిపోవునపుడు కారెన్లకు ప్రత్యేక రాజ్యము దొరకలేదు. మఱుసటి యేడే అచ్చట అంతర్యుద్ధము రగిలెను. యుద్ధమునాటి వాగ్దానమునకు యుద్ధముతోడనే వాయిదా తీఱునని దీనిచే తేలుచున్నది.

మఱి, విలువ నిలిచినది దేనికి? మల్లు దొర మరణశిక్ష ద్వీపాంతరవాసముగ మాఱి, అండమానులో గడపి, విడుదలయై, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. సన్నదు లేని ఆ దొరను ప్రజలే నిలబెట్టిరి. ముఠాదారీ పద్ధతియో, 1969 నాటి రెగ్యులేషనుతో రద్దయ్యెను. 1970 నాటి 1/70 నిబంధన ఏజన్సీ భూములు గిరిజనేతరుల చేత బడకుండ కట్టుదిట్టము చేసెను. ఆ నిబంధన యేల వలసివచ్చెనో మన మైదానపు వారు తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను. అప్పుపత్రముతో కొండనెక్కి, పొలముతో దిగివచ్చినవాడు ఆంగ్లేయుడు గాడు.

1996 నాటి పీసా చట్టము షెడ్యూలు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగు స్థాయి పంచాయతీనో సంప్రదింపవలెనని శాసించుచున్నది. ఇట్టి సందర్భమున నలుగురు పెద్దలను కచ్చేరీకి పిలిచి, మర్యాద చేసి, సంతకములు గైకొని, జాతియంతయు సమ్మతించినదనుట 1813 నాటి పద్ధతియే యగును. పాలకుడు స్వదేశీయుడైనంతమాత్రమున ఆ పద్ధతి న్యాయమగునా? గ్రామసభ తన యూరిలో, తన భాషలో, కాదను హక్కుతో కూడవలెను. అది కాదన్నచో ఆ మాట నిలువవలెను. మైదానపు రైతు తన చేను తీసికొనునపుడు ఏ మర్యాదను గోరునో, మన్యపు రైతునకు ఆ మర్యాదయే జరుగవలెనని మేము కోరుచున్నాము.