పంపు మీద నింద

జూబ్లీ హిల్స్ ఎత్తెక్కుతూ పాత పెట్రోలు అంబాసిడర్ ఆగిందా, బానెట్ తెరవకముందే తీర్పు సిద్ధం: "పంపు పోయింది సార్, మార్చెయ్యాలి!" ఈ తీర్పుతోనే నా పేచీ.

సాక్ష్యమేదండీ? కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో బీడీ వెలిగించకండేం! పెట్రోలు ఉండుండి బలంగా చిమ్మితే పంపు నిర్దోషి. రాకపోతే ముందు ట్యాంకునీ, పైపునీ, ఫిల్టరునీ విచారించండి. ఇంజనాయిలు పెట్రోలు వాసనేస్తే అప్పుడు డయాఫ్రం చిరిగిందేమోనని అనుమానించండి. ఎండకి పెట్రోలు ఆవిరై అడ్డుపడిందంటారా, పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే సరి.

2014లో తయారీ ఆగిపోయిన బండి అది. పారేసిన అసలు పంపు మళ్ళీ దొరకడం కష్టం. ఫిల్మ్‌నగర్‌లో పాతకాలం కథ తీయాలంటే మాత్రం ఈ ముసలిదే కావాలి. వేషానికి పనికొచ్చినదానికి నాడి చూసే ఓపిక లేదా? వయసు రోగం కాదు మహాశయా!