పాతదని మోగదు, చెడితేనే మోగుతుంది

“సెకండ్ హ్యాండ్ కూలర్ కదా, ఆ మాత్రం శబ్దం రాదా?”

ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు. ఏప్రిల్ వచ్చిందంటే మా కడపలో ఇంటింటా వినిపిస్తుంది. అమ్మిన కొట్టాయన అంటాడు. రిపేరుకు వచ్చిన అబ్బాయి “పాతదానికి ఇట్లనే వస్తాదమ్మా, ఏం కాదులే” అంటాడు. పేపర్లోంచి తల ఎత్తకుండా ఇంటాయన కూడా అదే అంటాడు. నాకు మాత్రం ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు, అడిగినదాని నోరు మూయించడం. పైగా అది పచ్చి అబద్ధం. వయసు మీద పడిందని ఏ మోటారూ మూలగదు. లోపల ఏదో వదులై ఉంటుంది, ఎండిపోయి ఉంటుంది, వంగి ఉంటుంది, లేదా దేనికో తగులుతూ ఉంటుంది. వాటిలో ప్రతిదానికీ ఒక పేరుంది, ఒక మందుంది.

పాత కూలర్ కొనడం తప్పని నేననడం లేదు. మా ఊరి ఎండకు కూలర్‌కు మించిన నేస్తం లేదు. మే నెలలో 43 డిగ్రీలు దాటిన రోజు నాపరాయి బండల మీద కాలు పెట్టలేం. గాలిలో తేమ లేదు కాబట్టే మనకు కూలర్ పనిచేస్తుంది. నీళ్ళు ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని గాలిలోంచే లాక్కుంటాయి. నెల్లూరులోనో విశాఖలోనో ఇదే కూలర్ పెడితే చెమట తప్ప చల్లదనం రాదు. అందరూ ఏసీ కొనలేరు, కొన్నా కరెంటు బిల్లు భరించలేరు. కాబట్టి పాత రేకు కూలర్ మన బతుకులో భాగం. నా గొడవ కూలర్‌తో కాదు, దాని చుట్టూ ఇంట్లో నడిచే న్యాయంతో.

ఆ న్యాయం ఏమిటో చూడండి. కూలర్ వెనక తలుపు తీసి చూద్దామని నేను స్క్రూ డ్రైవర్ పట్టుకుంటే ఇంట్లో నలుగురూ పరుగెత్తుకొస్తారు. “వదినా, కరెంటు వస్తువు జోలికి పోవద్దు” అంటాడు మరిది. “ఆడదానికి ఎందుకమ్మా అవి” అంటుంది అత్తమ్మ. సరే, ప్రేమతోనే అంటున్నారనుకుందాం. మరి అదే కూలర్ తిరుగుతుండగా రోజుకు మూడుసార్లు బిందెతో నీళ్ళు పోసేదెవరు? బోకులు కడుగుతున్న తడి చేతులతో, చెప్పులు లేని కాళ్ళతో, తడిసిన బండ మీద నిలబడి, ఆ రేకు డబ్బాను ఆనుకుని పోసేది మనమే కదా! అప్పుడు ఒక్కరూ పరుగెత్తుకురారు. ప్లగ్గు పీకేసిన కూలర్ స్క్రూ విప్పడం ప్రమాదమట, కరెంటు పారుతున్న కూలర్‌లో నీళ్ళు పోయడం ఇంటి పనట! ఇందులో ఎక్కడుందండీ జాగ్రత్త?

ప్రమాదం మన చేతుల్లో పెట్టి, జ్ఞానం మాత్రం ఇంకొకరి చేతుల్లో పెట్టారు. నేను ఒప్పుకోనిది ఇదే.

చప్పుడు వినడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తిరగమాతలో ఆవాలు ఎప్పుడు చాలించాలో చెవితోనే చెప్తాం. ఎసరు ఇగిరిందో లేదో మూత తీయకుండానే తెలుస్తుంది. పక్క గదిలో ఉండి కుక్కర్ మూత సరిగ్గా కూర్చోలేదని కనిపెడతాం. ఇన్ని విన్న చెవి కూలర్ దగ్గరికి వచ్చేసరికి “నీకంతా అనుమానం” అయిపోతుందా?

కాబట్టి ఈ వేసవిలో మీ చెవినే నమ్మండి. ముందు విడదీసి వినడం అలవాటు చేసుకోండి. పంపు స్విచ్చి ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పండి. తర్వాత ట్యాంకులో నీళ్ళుంచి ఫ్యాన్ ఆపి పంపు ఒక్కటే నడపండి. శబ్దం ఎవరిదో అక్కడే తేలిపోతుంది. ఫ్యాన్‌దైతే, జోరుగా తిరుగుతున్నప్పుడు స్విచ్చి ఆపండి. కరెంటు పోయిన క్షణమే శబ్దం ఆగిపోతే తేడా కరెంటు వైపు ఉందని అర్థం. రెక్క మెల్లగా ఆగేదాకా శబ్దం కూడా మెల్లగా తగ్గుతూ వస్తే తేడా తిరిగే భాగంలో ఉంది. దీనికి ఏ పనిముట్టూ అక్కర్లేదు, స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక్కొక్క శబ్దం సంగతి. వీటిలో లోపల చెయ్యి పెట్టాల్సిన ఏ పనికైనా ముందు ప్లగ్గు పూర్తిగా పీకాలి. స్విచ్చి ఆపితే చాలనుకోవద్దు. ఫ్యాన్ పక్కనుండే కండెన్సర్ కాళ్ళు మాత్రం ప్లగ్గు పీకాక కూడా ముట్టుకోవద్దు, దానిలో కాసేపు కరెంటు నిలిచి ఉండొచ్చు.

టక్ టక్ మని లెక్కగా మోగుతుంటే, స్పీడు తగ్గించినప్పుడు ఆ లెక్క కూడా తగ్గుతోందేమో చూడండి. తగ్గితే రెక్క దేనికో తగులుతోంది. ముందు జాలీ లోపలికి వంగి ఉండొచ్చు, కూలర్ గడ్డి ఊడి వేలాడుతూ ఉండొచ్చు, లేదా రెక్కను కడ్డీకి బిగించే స్క్రూ వదులై ఉండొచ్చు. ఆ స్క్రూ ఒక్క చుట్టు బిగిస్తే పోయే జబ్బుకు వేసవంతా నిద్ర పాడు చేసుకున్న ఇళ్ళున్నాయి.

ఇల్లంతా అదిరేలా దడదడ వస్తే రెక్కల బరువు సమంగా లేదు. మా ఊళ్ళో దీనికి పెద్ద కారణం బోరు ఉప్పునీళ్ళు. గడ్డిలోంచి చిమ్మిన తుంపర రెక్క మీద ఎండి తెల్లటి పెచ్చు కడుతుంది. ఒక రెక్కకు ఎక్కువ, ఒక రెక్కకు తక్కువ. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో తుడిచి, అన్ని రెక్కలనూ రెండు వైపులా ఒకే తీరున శుభ్రం చేయాలి. అయినా అదురుతుంటే స్టాండు నాలుగు కాళ్ళూ నేలకు ఆనాయో లేదో చూడండి. పాత హవాయి చెప్పు కోసి ఎత్తు తక్కువైన కాలు కింద పెడితే సగం అదురు అక్కడే పోతుంది.

కీచుమని అరుస్తూ మొదలైతే మోటారు బుష్ ఎండింది. ప్లగ్గు పీకి రెక్కను చేత్తో తిప్పి చూడండి, బరువుగా తిరుగుతుంది. బుష్ దగ్గర కుట్టు మిషన్ నూనె మూడు నాలుగు చుక్కలు చాలు. కొబ్బరి నూనె పోయకండి. నాలుగు రోజులు బాగుండి, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. రెక్క పట్టుకుని కడ్డీని పైకీ కిందికీ కదిపినప్పుడు లొడలొడలాడితే బుష్ అరిగిపోయింది. దానికి నూనె మందు కాదు, కొత్త బుష్ వేయించాలి. బేరింగు ఉన్న మోటారు గరగరమంటే బేరింగు మార్చాల్సిందే.

హుఁ మని మూలుగుతూ తిరగకుండా నిలబడితే, లేదా చాలా నెమ్మదిగా తిరిగితే, ఎక్కువసార్లు కండెన్సర్ బలహీనపడి ఉంటుంది. కర్రతో రెక్కను నెట్టి మొదలుపెట్టే ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. తిరగలేని మోటారు వేడెక్కి కాలిపోతుంది. కండెన్సర్ మార్చడం మెకానిక్ పని, అది చిన్న ఖర్చు. మోటారు కాలితే మాత్రం పెద్ద ఖర్చే.

పంపు గుడగుడమంటే నీళ్ళు తగ్గి గాలి పీలుస్తోంది. నీళ్ళుండి కూడా గర్‌ర్ మంటుంటే లోపలి చిన్న చక్రానికి ఉప్పు పట్టింది. ప్లగ్గు పీకి, పంపు బయటికి తీసి, ముందు మూత లాగితే ఆ చక్రం ఊడొస్తుంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి పాత బ్రష్షుతో తోమండి. పంపును ఎప్పుడూ పొడిగా నడపొద్దు.

చివరిది చిటచిట. ప్లగ్గు దగ్గరో, స్విచ్చి దగ్గరో, కూలర్ లోపలో చిటచిటమన్నా, దానితో పాటు కాలిన వాసన వచ్చినా ఇక వినడాలూ వెతకడాలూ వద్దు. కూలర్‌ను తాకకుండా మెయిన్ ఆపేయండి. వదులైన వైరు దగ్గర నిప్పురవ్వలు లేస్తున్న చప్పుడది. “పాతది కదా” అన్న మాట ప్రాణం మీదికి తెచ్చేది ఇక్కడే. నెలంతా టక్ టక్‌ను, గరగరను పట్టించుకోవద్దని అలవాటు చేసిన ఇంట్లో చిటచిటను కూడా ఎవరూ పట్టించుకోరు. అదురుడుకు వైరు రేకుకు రాసుకుని తొడుగు అరిగిపోతుంది. పంపు పగిలి నీళ్ళలోకే కరెంటు దిగుతుంది. వేసవి వస్తే కూలర్ షాక్ కొట్టి చనిపోయినవాళ్ళ వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

“ఎం.సి.బి. ఉంది కదా, అదే పడిపోతుంది” అంటారు ఇంట్లో. పడిపోదు. ఎం.సి.బి. వైర్లను కాపాడడానికి పెట్టింది. అది పడాలంటే ఆంపియర్లలో కరెంటు పారాలి. మనిషి ప్రాణానికి ముప్పు రావడానికి అందులో చాలా చిన్న వంతు చాలు. మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించుకుంటే, కరెంటు దారి తప్పగానే రెప్పపాటులో తెగిపోతుంది. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి పడుతోందో లేదో చూడాలి. ఇంకోటి ఎర్తింగు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను అందుకే ఉంది. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చేవాళ్ళను ఏమనాలి? మన పొడి నేలల్లో మరో చిక్కుంది. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతుంది, ఎండితే ఎర్తింగు బలహీనపడుతుంది. కూలర్ వాడేదీ ఎండాకాలమే. మొక్కలకు పోసినట్టే ఆ గుంతలోనూ నీళ్ళు పోయించండి.

“ఇవన్నీ నీకెందుకు, మెకానిక్ లేడా” అని అడుగుతారు. ఉన్నాడు. నేను మెకానిక్‌ను మానుకోమనడం లేదు. కానీ అర్ధరాత్రి రెండింటికి వచ్చే శబ్దం ఆయన వినడు, మనం వింటాం. ఆయన వచ్చిన పది నిమిషాల్లో అది మోగకపోతే “బాగానే ఉంది కదమ్మా” అని డబ్బులు తీసుకుని వెళ్తాడు. “పంపు ఆపితే లేదు, ఫ్యాన్‌దే. స్విచ్చి ఆపినా రెక్క ఆగేదాకా వస్తోంది. కడ్డీ లొడలొడలాడుతోంది” అని చెప్పి చూడండి, ఆయన మాట తీరే మారిపోతుంది. అక్కర్లేని మోటారు అంటగట్టడానికి ధైర్యం చాలదు.

కొనే రోజు సంగతి కూడా చెప్పాలి. పాత సామాన్ల కొట్టుకు మగవాళ్ళు వెళ్తారు. కొత్త రంగు, కొత్త గడ్డి చూసి ఆటోలో వేసుకొస్తారు. రంగు కింద తుప్పుంటుంది, గడ్డి వెనక అరిగిన బుష్ ఉంటుంది. రోడ్డు మీద లారీల హోరులో ఏ కూలరైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. కూలర్లకు మన దేశంలో ఐ.ఎస్. 3315 అని ఒక ప్రమాణం ఉంది. వీధి చివర రేకు మడిచి చేసినదాన్ని దాంతో ఎవరూ పోల్చి చూడరు, కాబట్టి పరీక్ష మనమే పెట్టాలి. కొట్టుకు మనం వెళ్దాం. లోపలి వైపు పెట్టించి, ట్యాంకులో నీళ్ళు పోయించి, మూడు స్పీడుల్లోనూ పదేసి నిమిషాలు తిప్పించి, పంపు విడిగా విని, టెస్టర్ రేకుకు ఆనించి చూసి బేరమాడదాం. టెస్టర్ వెలిగిందా, ఆ కూలర్ ఎంత చవకైనా వద్దు. వెలగనంత మాత్రాన నమ్మేయొద్దు, ప్లగ్గులో మూడో పిన్ను, వైరు తొడుగు కూడా చూడాలి. కొట్టాయన విసుక్కుంటే విసుక్కోనీ. డబ్బు మనది, నిద్ర మనది, నీళ్ళు పోసే చెయ్యి మనది.

ఇక నీళ్ళ సంగతి. మన ఇంట్లో ఒక్క నియమం పెడదాం. ప్లగ్గు పీకాకే నీళ్ళు పోయడం, అది కూడా పొడి చేత్తో, కాలికి చెప్పులు వేసుకుని. గాలి రెండు నిమిషాలు ఆగినందుకు ఎవరైనా మంచం మీంచి గొణిగితే గొణగనివ్వండి. ఇంకా “పాతది కదా, శబ్దం రాదా” అనే వాళ్ళుంటే వాదన పెట్టుకోకండి. బిందె ఆయన చేతికిచ్చి, ఈ పూట నీళ్ళు మీరే పోయండి అనండి. ఆ పూటే మెకానిక్‌కు ఫోన్ వెళ్తుంది.