నడిచేవాడు ఎవరికి అడ్డం?



మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటువాసుల సమావేశంలో ఒక యువకుడు, మంచివాడే, చదువుకున్నవాడే, నాతో ఇలా అన్నాడు: "మాస్టారూ, హైదరాబాదులో ట్రాఫిక్ బాగుపడాలంటే ముందు ఈ నడిచేవాళ్ళకి బుద్ధి రావాలండీ. ఎక్కడ పడితే అక్కడ అడ్డం వచ్చేస్తారు." అక్కడున్న పదిమందీ తలలూపారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ 'అడ్డం' అన్న మాట నన్ను వదలలేదు. ముప్పైనాలుగేళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. మాట దగ్గర ఆగిపోవడం నాకున్న జబ్బు. ఎవరు ఎవరికి అడ్డం? మనిషి బండికా, బండి మనిషికా?

దారికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో చూడండి: బాట, తోవ, డొంక, పుంత, సందు, వీధి. కాలిబాట అన్నప్పుడు కాలే ముందు పలుకుతుంది. కూడలి అన్నది 'కూడు' అనే క్రియ నుండి వచ్చిన మాట. నలుగురూ కూడే చోటు కనుక కూడలి. నేడు అక్కడ కూడేవి వాహనాలు. మనిషికి నిలబడడానికి జాగా లేదు. పేరు మాత్రం అలాగే మిగిలింది.

నడిచేవాడే తప్పుచేసినవాడన్న భావన కూడా అనాదిగా ఉన్నది కాదు. దానికొక చరిత్ర ఉంది. అమెరికాలో కార్లు వచ్చిన తొలి దశాబ్దాలలో వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవారు, పెద్దలు తమకు వీలైన చోట దాటేవారు. కార్ల కింద పడి మనుషులు చనిపోవడం మొదలైనప్పుడు జనం కార్లనే దూషించారు. అప్పుడు మోటారు వర్గాలవారు 'జేవాకర్' అనే మాటను ఊరూరా ప్రచారం చేశారు. 'జే' అంటే ఆనాటి వాడుకలో పల్లెటూరి బైతు. నగరంలో నడవడం చేతకాని మొద్దు అని దాని తాత్పర్యం. 1925లో లాస్ ఏంజిలిస్ నగరం పాదచారులను కట్టడి చేసే నిబంధనలు తెచ్చింది. తక్కిన నగరాలు అనుసరించాయి. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో వెలువడిన తన 'ఫైటింగ్ ట్రాఫిక్' గ్రంథంలో ఈ కథనంతా విపులంగా చెప్పాడు. ఒక తిట్టు పుట్టింది, దానితో నేరం చేతులు మారింది. గుద్దినవాడి మీది నింద గుద్దించుకున్నవాడి నెత్తికెక్కింది.

విచిత్రమేమిటంటే, ఆ తిట్టు పుట్టిన దేశంలోనే ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటున్నారు. జాగ్రత్తగా చూసుకుని దాటేవారికి జరిమానా వేయరాదని కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2023 జనవరి నుండి అమలులోకి వచ్చింది. న్యూయార్క్ నగరం 2024లో తానూ ఆ నేరాన్ని రద్దుచేసుకుంది. వాళ్ళు విడిచిన చొక్కాను మనం ఇప్పుడు ముచ్చటపడి తొడుక్కుంటున్నాము.

ఇక మా వీధి సంగతి. మా ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల, ఒక చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. బాల్కనీలో నిలబడితే ధ్వజస్తంభం కనిపిస్తుంది. మధ్యనున్న రోడ్డు వెడల్పు 24 మీటర్లు. పాదచారులకు పచ్చదీపం వెలిగేది 20 సెకన్లు. వాచీ పెట్టి చూశాను. ఆరోగ్యవంతుడు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్నది సిగ్నళ్ళు అమర్చేవారు సాధారణంగా వేసుకునే లెక్క. ఆ లెక్కకు ఇరవై సెకన్లు సరిగ్గా సరిపోతాయి. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు. ఆమె నడక సెకనుకు 0.8 మీటర్లు. పచ్చదీపం ఆరేసరికి ఆమె 16 మీటర్ల దగ్గర ఉంటుంది. తక్కిన 8 మీటర్లూ హారన్ల మధ్య, తిట్ల మధ్య.

కొంచెం దూరంలో పాదచారుల వంతెన ఉంది కదా అంటారు. ఎక్కడానికి 46 మెట్లు, దిగడానికి 46. లిఫ్టు తలుపుకు గొలుసు వేసి ఉంటుంది. ఆటో ఎక్కితే యూటర్న్ కోసం రెండు కిలోమీటర్లు తిరిగి రావాలి. చివరకు ఆమె గుడికి వెళ్ళడం మానేసింది. కోపగించుకుని కాదు, ఎవరికీ చెప్పకుండా మానేసింది. పోయిన కార్తికంలో దీపం బాల్కనీలోనే పెట్టుకుంది. అయ్యా, ఇందులో అడ్డం వచ్చినది ఎవరు?

దేశం లెక్క ఇంకా భయంకరం. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన గణాంకాల ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు ఐదవ వంతు, అంటే 32 వేలకు పైగా, కేవలం నడుస్తున్నవారు. వీరందరికీ బుద్ధి లేదని తేల్చేద్దామా?

నిజమే, పాదచారులలో క్రమశిక్షణ లేనివారు ఉన్నారు. చెవిలో ఫోను పెట్టుకుని రోడ్డు దాటేవారిని నేనూ మందలించాను. అయితే క్రమశిక్షణ చూపడానికి ముందు ఒక చోటు కావాలి కదా! కాలిబాటలో అడ్డంకులు లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే నిర్దేశించింది. మా వీధిలో టేపు పట్టి కొలిచాను. ఒకచోట గట్టు నా మోకాలి దాకా ఉంది. దాని మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, రెండు కార్లు, ఒక ప్రకటన స్తంభం. "తోపుడుబండ్లవల్లే కదండీ ఇదంతా" అంటారు కొందరు. అరటిపళ్ళ బండివాడు నడిచేవాడి దగ్గరే బేరం చేసుకుంటాడు, అతని దీపమే రాత్రిపూట మాకు వెలుగు. వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం రక్షణ ఉంది. కాలిబాట మీద కారు నిలపడానికి ఏ చట్టం ఉంది?

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలన్నది. 2011 జనగణనలో వ్యవసాయేతర పనులకు నడిచి వెళ్ళేవారు 20 శాతానికి పైగా తేలారు. కారులో వెళ్ళేవారు 3 శాతానికి లోపే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కాలిబాట హక్కును రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇన్ని చెప్పినా మనం కట్టుకున్నవి ఏమిటి? 2009లో తెరిచిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. దాని మీద పాదచారికే కాదు, మోటారుసైకిలుకూ ప్రవేశం లేదు. ఇక కె.బి.ఆర్. పార్కు దగ్గర ఉదయం చూడండి: నడవడం కోసం జనం కార్లలో వస్తారు! ఇంటి ముందు నడిచే వీలు లేక, నడకను కారెక్కించి తెచ్చుకుంటున్నారు.

అన్నిటికన్నా నన్ను బాధించేది మరొకటి. నడక విలువ మన నాయకులకు తెలియక కాదు. 2003లో రాజశేఖరరెడ్డిగారు చేవెళ్ళ నుండి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. 2012లో చంద్రబాబుగారు హిందూపురంలో నడక మొదలుపెట్టారు. 2014లో అధికారానికి వచ్చారు. 2017లో మొదలుపెట్టి జగన్‌మోహన్‌రెడ్డిగారు 3,648 కిలోమీటర్లు నడిచారు, 2019లో గెలిచారు. కాలినడకన గద్దె చేరినవారు ఆ తరువాత కాన్వాయ్ ఎక్కారు. కాన్వాయ్ వెళ్ళేదాకా మనం రోడ్డు పక్కన, చాలాచోట్ల కాలిబాట లేని రోడ్డు పక్కన, ఆగి నిలబడుతున్నాము. పాదయాత్రకు వేలమంది రక్షణ. పాదచారికి ఇరవై సెకన్లు.

2021లో ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపినప్పుడు జనం పిల్లాపాపలతో తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. జనానికి నడక మీద విరక్తి లేదనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

నేను ఫ్లైఓవర్లు అడగడం లేదు. మెట్లు లేని దారి, మోకాళ్ళ నొప్పులవారు ఎక్కగల గట్టు, ఇంకొక పది సెకన్ల పచ్చదీపం. ఈ పది సెకన్లకు సిమెంటు అక్కరలేదు, టెండరు అక్కరలేదు.

మిత్రులారా, ఈ వారం మీ ఇంటి దగ్గరి సిగ్నలు వద్ద వాచీ పెట్టి చూడండి. టేపు పట్టి గట్టు కొలవండి. లెక్క వ్యాఖ్యలలో రాయండి. అన్నీ కూర్చి నగరపాలక సంస్థకు అర్జీగా పంపుతాను. ఆ యువకుణ్ణి కూడా వచ్చే ఆదివారం మా ఆవిడతో కలిసి ఆ రోడ్డు దాటమని పిలిచాను. వస్తానన్నాడు.