పంపు సరే, గొట్టం మాటేమిటి?

టైప్-1 మధుమేహ బాలలు అత్యధికంగా ఉన్న దేశాలలో భారత్ ఒకటి. రోజూ పలుమార్లు సూదిపోట్ల బాధ తప్పించే ఇన్సులిన్ పంపు వారికి వరమే. అయితే చర్మం కిందికి మందు చేర్చే సన్నని గొట్టాన్ని, దాన్ని పట్టి ఉంచే అంటుపట్టీని రెండు మూడు రోజులకొకసారి తీసి, కొత్తవి మరోచోట అమర్చవలసి ఉంటుంది. అంటే నెలకు 10 నుంచి 15 సెట్లు. అధికభాగం దిగుమతి సరుకే. అప్పుచేసో, దాతల సాయంతోనో పంపు సంపాదించిన కుటుంబం ఒక్కో సెట్టును నాలుగైదు రోజులు నెట్టుకొస్తే తప్పుపట్టగలమా?

పర్యవసానం మాత్రం పసిచర్మానిదే. దురద, దద్దుర్లు, చీముగడ్డలు. మన ఎండలకు చెమట తోడైతే ఇక చెప్పనక్కరలేదు. అదేచోట పదేపదే గుచ్చితే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అక్కడ ఇన్సులిన్ సక్రమంగా ఇంకక రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ గానీ, ప్రైవేటు బీమా పాలసీలలో అధికభాగం గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారినే ఆదుకుంటాయి. బిడ్డ ఆసుపత్రిపాలు కాకుండా కాపాడే సెట్టు ఖర్చు మాత్రం కన్నవారి నెత్తినే పడుతున్నది. ఈ సెట్లను ఇన్సులిన్‌తో సమానమైన అత్యవసర ఔషధంగా పరిగణించి బాలలకు సబ్సిడీపై అందించే విషయాన్ని కేంద్రం ఇకనైనా పరిశీలించాలి.