కార్డు ఉంది, ఆసుపత్రి ఏది?

పిల్లలకు ఉద్యోగం వస్తే మన కుటుంబాలలో ముందు వినిపించే మాట, "కంపెనీవాళ్ళు ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఇచ్చారు, అమ్మానాన్నల్ని కూడా చేర్పించాను" అని. సంతోషమే. అయితే ఐదు లక్షలా, పది లక్షలా అన్నదానికంటే ముందు అడగవలసింది వేరే ఉంది. అమ్మానాన్నలు ఉండే ఊరికి దగ్గరలో ఆ కార్డు చెల్లే ఆసుపత్రి ఏది?

ఇ.ఎస్.ఐ. సంగతి చూడండి. 2017 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్ళకు ఇది వర్తిస్తుంది. వైద్యం ఖర్చుకు పైపరిమితి లేదు. చిన్న జీతగాడికి ఇంతకు మించిన రక్షణ మరొకటి లేదని నా అభిప్రాయం. కాని సాధారణంగా దారి ఇది: ముందు డిస్పెన్సరీ, తరువాత ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, అక్కడ లేని వైద్యానికి ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రి. అత్యవసరమైతే తప్ప, రిఫరల్ కాగితం లేకుండా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్తే డబ్బు తిరిగి రావడం కష్టం. కుటుంబం వేరే ఊరిలో ఉంటే వారికి అక్కడి డిస్పెన్సరీ కోరుకోవచ్చు. ఆఫీసులో అడిగి ఆ పని చేయించుకోండి.

ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన హెల్త్ స్కీములో చిక్కు మరో రకం. జాబితాలో ఆసుపత్రి పేరుంటే చాలదు, మీ జబ్బు చూసే విభాగానికి కూడా గుర్తింపు ఉండాలి. ఎముకలకు ఉన్నచోట గుండెకు ఉండకపోవచ్చు.

ఇక కంపెనీ గ్రూపు పాలసీ. వేల ఆసుపత్రులున్నాయని చెబుతారు. మీకు కావలసినవి రెండే: అర్ధరాత్రి చేరగలిగినది ఒకటి, మీకున్న జబ్బు చూసేది ఒకటి. కొడుకు హైదరాబాదులో, బెంగుళూరులో ఉంటాడు, అతని ఆఫీసు చుట్టూ నగదు లేని వైద్యం ఇచ్చే ఆసుపత్రులు వీధికొకటి. తల్లి ఉండే మండలంలో ఒక్కటీ ఉండదు. ప్రీమియం మాత్రం ఇద్దరికీ కట్టించుకుంటారు! పాలసీ కొనే ముందు ఉద్యోగుల తల్లిదండ్రుల ఊళ్ళేవో కంపెనీలు అడిగి తెలుసుకోవాలి. అడగకపోతే ఉద్యోగులే చెప్పాలి.

2024 జనవరిలో బీమా సంస్థలు జాబితాలో లేని ఆసుపత్రిలోనూ నగదు లేని వైద్యం ఇస్తామని ప్రకటించాయి. ముందే అనుకున్న ఆపరేషనుకు 48 గంటల ముందు, అత్యవసరంలో చేరిన 48 గంటలలోపు వారికి తెలియజేయాలి. మేలైన మార్పే, కాని బీమావారు అనుమతించాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. దానినే నమ్ముకొని బయలుదేరవద్దు. చేతినుండి కట్టి, బిల్లులు పంపి ఎదురుచూడవలసి రావచ్చు.

కనుక ఈ నెలలోనే మీకు దగ్గరి ఆసుపత్రికి ఫోను చేయండి. జాబితాలు మారుతుంటాయి కాబట్టి పాలసీ రెన్యువల్ అయినప్పుడల్లా మళ్ళీ చేయండి. మన ఆసుపత్రి కౌంటరులో అడిగినా సరే. అడిగేటప్పుడు అబ్బాయి కంపెనీ పేరు కాదు, కార్డు మీద ఉన్న బీమా సంస్థ పేరు, టి.పి.ఎ. పేరు చదివి చెప్పండి.